గాండీవం ఎవడబ్బ సొత్తూ కాదు

మన ఫాంటసీలో పేరున్న ఆయుధాలకి ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. అవి మనిషిని చూడవు, వంశాన్ని చూస్తాయి. హీరో చెయ్యి తగలగానే వెలుగుతాయి, ఎందుకంటే అతను ఫలానావాడి కొడుకో, పునర్జన్మో. పైగా ఇదంతా పురాణాల నుంచి వచ్చిందే కదా అని సరిపెట్టుకుంటున్నాం. పురాణాల్లో ఉన్నది దాదాపు దీనికి తలకిందులు.

గాండీవమే తీసుకోండి. ఖాండవ దహనమప్పుడు అగ్ని అడిగితే వరుణుడు అర్జునుడికిచ్చిన విల్లు అది. పాండురాజు దాచిపెట్టిన ఆస్తి కాదు. కృష్ణుడు పోయాక, దారిదోపిడీగాళ్ల ముందు అదే విల్లు ఎక్కుపెట్టడానికి అర్జునుడు కిందామీదా పడ్డాడు. చివరికి మహాప్రస్థానంలో అగ్ని ఎదురొచ్చి, వరుణుడిది వరుణుడికి ఇచ్చెయ్యమంటే నీళ్లలో వదిలేశాడు. మనవడు పరీక్షిత్తుకి రాజ్యం దక్కింది, విల్లు దక్కలేదు. ఆఫీసులో మాకు సర్వర్ యాక్సెస్ ఇచ్చేదీ ఇలాగే. పని అయ్యాక తీసేసుకుంటారు.

మాది జగ్గయ్యపేట. మా ఊరి ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మాంధాత అంటారు. ఆయన చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ ఏడు రత్నాలు, అందులో ఒకటి చక్రం. అది ముందు నడిస్తే కత్తి దుయ్యకుండానే రాజులు లొంగుతారని బౌద్ధుల కథ. కానీ దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తంలో దానికో మెలిక ఉంది. తండ్రి గద్దె దిగాక చక్రం మాయమైపోతుంది. కొత్త రాజు దిగులుపడితే తండ్రి చెప్పేది ఒకటే: అది నీకు పిత్రార్జితం కాదు, ధర్మంగా పాలించి సంపాదించుకో.

"మరి కర్ణుడి కవచకుండలాలు పుట్టుకతో వచ్చినవే కదా" అంటారు. నిజమే. వాటిని ఒలిచి ఇచ్చేశాడు గనకే ఆయన కర్ణుడయ్యాడు. బదులుగా ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనిచేసేది. అదీ ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది.

"టోల్కీన్ ఆరగార్న్‌ది వారసత్వపు కత్తే కదా" అంటారు. అదీ నిజమే. కానీ ఆ యుద్ధం తేలింది కత్తితో కాదు, ఉంగరాన్ని మోసుకెళ్లిన ఇద్దరు చిన్నవాళ్లతో. అందులో ఒకడు తోటమాలి.

మనకీ ఒక తోటమాలి కొడుకు ఉన్నాడు. 1951 'పాతాళ భైరవి'లో తోట రాముడు. కోరింది చేసిపెట్టే ప్రతిమని సంపాదించడానికి అతనికి తెగువా తెలివీ సరిపోయాయి. 2024 'కల్కి 2898 ఏడీ'కి వచ్చేసరికి, డబ్బు కోసం మనుషుల్ని వేటాడే భైరవ చేతిలో దివ్యాయుధం మేలుకోవాలంటే అతను కర్ణుడై తీరాలి. ఏ కర్ణుడు? నిండు రంగస్థలంలో నీ పుట్టుకేమిటని అడిగించుకుని తలొంచుకున్న కర్ణుడు! ఆయన్నే పట్టుకొచ్చి బర్త్ సర్టిఫికెట్‌గా వాడేశాం.

సరదా సినిమా మీద ఇంత చాదస్తమా అనకండి. ఇంటిపేరు చూసి తలుపులు తెరిచే సమాజం మనది. ఊహాలోకంలో కత్తి కూడా ఇంటిపేరే చూస్తే ఇంక ఫాంటసీ ఎందుకు, పొద్దున వచ్చే పేపరు చాలదా?

కొత్తగా ఫాంటసీ రాస్తున్న మిత్రులకి ఒక మాట. ఆయుధానికి గంభీరమైన సంస్కృతం పేరు వెతికేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఎప్పుడు తిరిగివ్వాలి? జవాబుల్లేకపోతే పేరు పెట్టకండి. ఉత్త కత్తి అని రాసెయ్యండి, చాలు.