ప్రైవేట్ బీచ్ అంట.. ఎవరిచ్చారో!

చెన్నైలో ఓఎంఆర్ మీద పనిచేసే మన సాఫ్ట్‌వేర్ జనాలకి టీమ్ అవుటింగ్ అంటే ఈసీఆరే. పొద్దున్నే బస్సెక్కడం, రిసార్టులో దిగడం, స్విమ్మింగ్ పూల్, బఫే, డీజే, గ్రూప్ ఫోటో. సోమవారం ఆఫీసుకొచ్చి "ప్రైవేట్ బీచ్ కూడా ఉంది బాస్" అని గొప్పలు. నా గొడవంతా ఆ ఒక్క ముక్కతోనే.

సముద్రం ప్రైవేట్ ఎలా అవుతుందండీ? మాది వత్సవాయి. మాకు సముద్రం లేదు, మున్నేరుంది. డబ్బున్నోడెవడైనా రేవుకి కంచె కట్టి "ఇది నా ప్రైవేట్ మున్నేరు" అంటే గేదెలు తోలుకెళ్ళే ముసలాయన కూడా ఊరుకోడు. అదే మాట బ్రోషర్‌లో ఇంగ్లీషులో వేస్తే మాత్రం మనం తలకింతని కట్టి మరీ వెళ్తాం!

1991లో కేంద్రం తెచ్చిన తీరప్రాంత నిబంధనల్లో ఉంది, 2011లో మార్చినప్పుడూ ఉంది: రెండు బీచ్ రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల ఖాళీ వదలాలి. ఎందుకు? జనం సముద్రం దాకా నడిచి వెళ్ళడానికి. కంచె వేసుకున్నా అది జనాన్ని ఆపకూడదు. కానీ మేం వెళ్ళిన ఒక రిసార్టులో, నీళ్ళ పక్కన నడిచిపోతున్న జాలరిని గార్డు ఈల వేసి తరిమాడు. ఒక్కరోజుకి వచ్చిన మేం సొంతదారులం, రోజూ అక్కడే బతికే ఆయన పరాయివాడు!

"డబ్బు పెడుతున్నాం, ఆడపిల్లలకి సేఫ్టీ వద్దా?" అంటారు. తప్పకుండా కావాలి. దానికి కావలసింది లైఫ్‌గార్డు, దీపాలు, పోలీసు. గోడ కాదు. గదినీ పూల్‌నీ అమ్ముకోండి, ఇసుక మీ సరుకు కాదు.

అసలు ఈసీఆర్ అందమంతా ఆ గోడల బయటే ఉంది. 1966లో పణికర్, తోటి చిత్రకారులు కట్టుకున్న చోళమండలం. 1976లో రోములస్ విటేకర్ మొదలుపెట్టిన మొసళ్ళ పార్కు. 1996లో తెరిచిన దక్షిణచిత్రలో మన చుట్టిల్లు కూడా ఉంది, ఊళ్ళల్లో మాయమైపోతున్న ఇంటిని టిక్కెట్టు కొని చూడాల్సి రావడం వేరే బాధ. కోవళంలో జాలరి కుర్రాళ్ళు సర్ఫింగ్ నేర్పుతారు. చివర్లో మహాబలిపురం ఎలాగూ ఉంది. వీటిల్లో ఎన్ని చూశారు, నిజం చెప్పండి?

ఇదంతా చెన్నై గోల అనుకోకండి. రేపు అమరావతి పెరిగితే ఆ డబ్బు సూర్యలంకకీ, మంగినపూడికీ వస్తుంది. రానివ్వండి, రిసార్టులూ కట్టనివ్వండి. ఆ 20 మీటర్ల దారి మాత్రం పునాది రోజే వదిలించాలి. గోడ లేచాక కోర్టుల చుట్టూ తిరగడమే.

ఈసారి బుకింగ్‌కి ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "పక్కనుంచి ఊళ్ళోవాళ్ళు సముద్రానికి వెళ్ళే దారుందా?" లేదు సార్, అంతా ప్రైవేట్ అంటే ఫోన్ పెట్టేసి ఇంకోటి వెతకండి. బిల్లు కట్టేది మనమే, ఆ మాత్రం అడగలేమా?