కారు చూపే ఎండ, కూలి మోసే ఎండ



మే నెల వస్తే చాలు, ఒంగోలు నుండి మన చీమకుర్తికి వచ్చే దారిలో కారులో కనబడే ఎండ అంకెను ఫోటో తీసి, "ఈరోజు 48" అని స్టేటస్ పెట్టేవారు ఎక్కువైపోతారు. కాసేపటికి ఇంకొకరు "మా బండిలో 42 యే" అంటారు. ఎవరిది నిజం? ఇది సరదా ప్రశ్నలా కనిపిస్తుంది గాని, ఆ అంకెను చూసి మనుషులను పనిలోకి పంపేవారు కూడా ఉంటారు. కనుక ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

మొదట ఆ అంకె ఎక్కడనుండి వస్తుందో గమనించండి. చాలా కార్లలో ముందు బంపర్ దగ్గర, గ్రిల్ వెనుక ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. అందులో ఉండే థర్మిస్టర్ అనే ముక్క, వేడి పెరిగేకొద్దీ కరెంటును మరింత సులువుగా పోనిస్తుంది. ఆ తేడాను కారులోని కంప్యూటర్ డిగ్రీలుగా మారుస్తుంది. ఆ ముక్క అబద్ధమాడదు. అయితే దానిని తాకేది ఊరి గాలి కాదు, తారు రోడ్డుకు కొంచెం ఎత్తున ఉండే గాలి. మండుటెండలో తారు పైభాగం 60 డిగ్రీలు కూడా దాటగలదు. గ్రానైట్ లారీల వెనుక బండి ఆగితే ఇంజను వేడి కూడా తోడవుతుంది. అందుకే ఎండలో నిలిపిన కారు స్టార్ట్ చేయగానే ఎక్కువ చూపి, కొంత దూరం పరుగెత్తాక దిగుతుంది. కొన్ని కార్లలో బండి నెమ్మదిగా పోతున్నంతసేపు అంకె పెరగకుండా కంప్యూటరే పట్టి ఉంచుతుంది. అప్పుడు మనం చూసేది పాత అంకె.

అసలు ఆ సెన్సార్ పని వేరు. ఏసీని సర్దుకోవడానికి, చలి దేశాలలో రోడ్డు మీద మంచు గడ్డకట్టే ప్రమాదం ఉందని డ్రైవరును హెచ్చరించడానికి అది పనికొస్తుంది. కూలి మనిషి ఎండలో ఎంతసేపు నిలబడగలడో చెప్పడానికి దానిని ఎవరూ పెట్టలేదు.

వాతావరణ శాఖ కొలత వేరు. తెల్లరంగు వేసి, గాలి ఆడేలా చుట్టూ చెక్క రెక్కలు అమర్చిన పెట్టెలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, నీడలో థర్మామీటర్ ఉంచుతారు. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు రూపొందించిన పెట్టె అది. అంతటా ఒకే పద్ధతి కనుకనే ఒంగోలు ఎండను రెంటచింతల ఎండతో పోల్చగలుగుతున్నాం. మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలు చేరితే వడగాలి అనీ, 47 చేరితే తీవ్ర వడగాలి అనీ ఆ శాఖ లెక్క. కాబట్టి కారు అంకె కంటే ఆ శాఖ చెప్పిన మాటనే నమ్మండి.

అయితే ప్రియులారా, అది కూడా నీడలో తీసిన లెక్కే. మన క్వారీలో నీడ ఎక్కడిది? ప్రపంచమంతా మెచ్చే గెలాక్సీ గ్రానైట్ నల్లరాయి. ఎండను తాగి, వేడిని కక్కుతుంది. లోతైన గుంటలో గాలి ఆడదు. మిరప కల్లాల్లో కాయలు ఎత్తే అక్కచెల్లెళ్లకు పైన ఎండ, కింద సెగ, మధ్యలో ఘాటు. సముద్రం వైపు నుండి తేమ వచ్చిన రోజున చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే తేమ ఉన్న 39, పొడిగా ఉన్న 42 కంటే ప్రమాదం కావచ్చు.

నాకు బాధ కలిగించేది ఇదే. 48 కనబడితే "కారు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందిలే" అంటాం. 39 కనబడితే "నలభై కూడా లేదు కదా" అంటాం. రెండు విధాలా పని ఆగదు. మనకు కావలసిన జవాబు ముందే పెట్టుకొని అంకెను సాక్ష్యానికి పిలుస్తున్నాం. తప్పు సెన్సార్‌లో కొంచెమే, మనలో ఎక్కువ.

2015 వేసవిని మరచిపోకండి. ఆ వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. మన ప్రకాశం జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి.

"పని ఆపితే కూలి ఎవరిస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పని మానమని నేను అనడంలేదు, వేళ మార్చమంటున్నాను. తెల్లవారుజామున మొదలుపెట్టి 11 గంటలకు ఆపండి. మిగిలింది సాయంత్రం 4 తరువాత చేయించండి. కూలి కోయకండి. ఒక నీడ పట్టా, కుండెడు నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టడం యజమానికి పెద్ద భారం కాదు. ఎవరైనా తడబడి మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ కనిపిస్తే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ద్రాక్షతోట కూలివారి ఉపమానంలో పగలంతా పనిచేసినవారు తాము ఓర్చుకున్న ఎండను గురించి యజమానితో చెప్పుకొన్నారు. మన దగ్గర పనిచేసేవారు అదే చెప్పినప్పుడు కారు అంకె చూపించకండి. ఒక్క గంట వాళ్ల పక్కన నిలబడి చూడండి.

దేవుడు ఈ వేసవిలో మిమ్మును, మీ పనివారిని కాపాడును గాక. ఆమేన్.