క్విల్ట్ అంటే గొప్ప, బొంత అంటే సిగ్గు!

హాస్టల్‌లో చేరేటప్పుడు అమ్మమ్మ నాకొక బొంత ఇచ్చింది. పాత నూలు చీరలు పొరలుగా పరిచి తనే చేత్తో కుట్టింది. రూమ్మేట్స్ నవ్వుతారేమో అని దాన్ని సూట్‌కేసులోంచి బయటికే తియ్యలేదు. ఆన్‌లైన్‌లో కంఫర్టర్ కొనుక్కున్నా.

ఈ మధ్య ఒక రీల్‌లో ఎవరో షడ్భుజి గుడ్డముక్కలతో పువ్వులు కుడుతుంటే మాత్రం "అబ్బ, ఎంత బాగుందో!" అనుకున్నా. దీన్ని ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అంటారు. నేనూ మొదలుపెట్టా. పాత రికార్డు షీట్లని షడ్భుజాలుగా కత్తిరించాలి. ఒక్కోదాని మీద గుడ్డ మడిచి, వదులుగా కుట్లు వేసి, అంచుకి అంచు కలిపి సన్నగా కుట్టాలి. చివర్లో కాగితాలు తీసేయాలి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. అదీ పువ్వు. ఏడు ముక్కలు, పన్నెండు అతుకులు. ఇంకో వరస వేస్తే మొత్తం 19 ముక్కలు, సరిగ్గా నా వయసు!

నా మొదటి పువ్వు మధ్యలో బుడగలా ఉబ్బింది. కత్తిరించడంలో తేడా ఒక్కో ముక్కలో కొంచెమే, కానీ ఆరో రేకు దగ్గరికొచ్చేసరికి అన్నీ కలిసి బయటపడ్డాయి. విప్పి మళ్ళీ కుట్టా. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు.

"కాన్సంట్రేషన్ పెరుగుతుంది, కోడింగ్‌కి మంచిదేలే" అన్నాడు ఫ్రెండ్. నాకు నచ్చనిది ఇదే. ప్రతి పనీ ప్లేస్‌మెంట్‌కి పనికొస్తేనే పనా? "దానికన్నా రెండు ప్రాబ్లమ్స్ సాల్వ్ చెయ్" అనే నాన్న మాట నాకు అర్థమవుతుంది, ఫీజు కట్టేది ఆయన. కానీ అలా లెక్కేస్తే అమ్మమ్మ జీవితంలో సగం టైమ్‌పాస్ కిందకే వస్తుంది. అది నేను ఒప్పుకోను.

1930లలో, డిప్రెషన్ రోజుల్లో, అమెరికాలో ఈ పువ్వుల క్విల్ట్ బాగా పాపులర్. దాని పేరు 'గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్', అంటే అమ్మమ్మ పూలతోట. మిగిలిపోయిన చిన్న ముక్కని కూడా పారేయకుండా వాడుకునేవాళ్ళు. మరి మా అమ్మమ్మ చేసిందీ అదే కదా? రీల్‌లో చూస్తే ఆర్ట్, మన ఇంట్లో ఉంటే పాతగుడ్డలా? తప్పు బొంతది కాదు, నాది.

ఆదివారం వీడియో కాల్‌లో నా పువ్వు చూపించా. చాలాసేపు చూసి, "బాగుంది గానీ, కప్పుకోడానికి ఎప్పటికవుద్ది?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆరు నెలల్లో నేను కుట్టింది నాలుగు పువ్వులు. తర్వాత మెల్లగా అంది: "ఇప్పుడు నాకు సూదిలో దారం ఎక్కట్లేదు. నీకిచ్చిందే ఆఖరిది."

ఆ రాత్రే బొంత బయటికి తీశా. అందులో ఒక ఆకుపచ్చ ముక్క అమ్మ టెన్త్‌లో వేసుకున్న ఓణీదట. అడిగితే తెలిసింది. ఎవరూ నవ్వలేదు. మా రూమ్మేట్ "మా ఇంట్లో కూడా ఉందిరా" అన్నాడంతే.

సెలవులకి ఇంటికెళ్తే మీ బొంత ఎవరు కుట్టారో, ఏ ముక్క ఎవరి చీరదో అడగండి. ఆ వివరం ఏ క్లౌడ్‌లోనూ బ్యాకప్ లేదు. నేను ఈసారి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడానికి వెళ్తున్నా.