కర్ణుడు మనోడు కాదు నాయనా (టికెట్ కొన్నోని ముచ్చట్లు – 7)



మొన్న ఉప్పల్‌ల మెట్రో ఎక్కి తార్నాకల దిగేలోపు ఒక ఓయూ తమ్ముడు నన్ను పట్టుకున్నడు. "అన్నా, అందరు ఏడ్చిన సినిమాకు నువ్వు పెదవి విరుస్తవు. నీకు సినిమా గురించి ఏం తెలుసు?"

ఏం తెల్వదు తమ్మీ. నేను టికెట్ కొని చూసేటోణ్ని, అంతే. పైసలు పెట్టినోనికి అడిగే హక్కుంటది గదా, అడుగుతున్న.

మా నాయన నాచారం ఫ్యాక్టరీల షిఫ్టుల పనిచేసిండు. రామకృష్ణ స్టూడియో గోడ పక్క నుంచి సైకిల్ తొక్కుకుంట 'దానవీరశూరకర్ణ' డైలాగు మొత్తం అప్పజెప్పేటోడు. 1977 సంక్రాంతి సినిమా, కొండవీటి వెంకటకవి మాటలు. కర్ణుడి కులం అడిగిన పెద్దలను 'మరి మీ పుట్టుకల సంగతేంది' అని దుర్యోధనుడు నిండు సభల నిలదీస్తడు చూడండి, అది. ఏప్రిల్ 14న బస్తీల మైకు పట్టుకొని నాయన ఆ డైలాగు చెప్తే ఈలలే ఈలలు. సూపర్‌వైజర్ ముందు మింగిన జవాబు ఏడాదికోసారి ఆ మైకుల కక్కేటోడు.

డిగ్రీల చేరినంక నేనే పాడుచేసిన. "నాయనా, కర్ణుడు మనోడు కాదు. కుంతి కొడుకు, సూర్యుని బిడ్డ. అంటే క్షత్రియుడే. దాదాపు నాలుగు గంటలు కులం తప్పని చెప్పెతందుకు దొరికిన మనిషి, అడ్రస్ తప్పిపోయిన రాకుమారుడా? పెంచిన రాధ, అధిరథుడు నిజంగ రథాలు తోలేటోళ్లు గదా. వాళ్లకు ఎవరు రాజ్యం ఇచ్చిండ్రు? కర్ణునికి ఇచ్చింది గూడ అర్జునుని మీదికి ఒక విలుకాడు కావాలనే."

నాయన రెండు రోజులు నాతో మాట్లాడలే.

ఆ దొంగదారి ఇంక మూతపడలే మిత్రులారా. మనల్ని తెరకెక్కిస్తరు, అసలు మాట దగ్గరికి రాంగనే పక్కకు తప్పుకుంటరు. 'ఉప్పెన' (2021) చూడండి. జాతీయ అవార్డు వచ్చిన సినిమా. పిలగాడు చేపలు పట్టేటోడు, పిల్ల తండ్రి పరువు పిచ్చోడు. వాడు ఆ పిలగాణ్ని కోయించింది కులం కోసం. క్లైమాక్స్‌ల పిల్ల తండ్రికి చెప్పే పాఠం మాత్రం మగతనం గురించి! కోసిన కత్తి కులానిది, తీర్పు మీసానికి. మిర్యాలగూడల ప్రణయ్‌ను నరికింది 2018 సెప్టెంబర్‌ల. మూడేండ్లు గూడ కాకముందే ఇది ప్రేమకథ అయి మన ముందుకొచ్చింది. రాంగోపాల్ వర్మ అయితే ఇంకో అడుగు ముందుకేసిండు. ఆ హత్య మీది 'మర్డర్' సినిమాను 2020ల ఏ రోజు ప్రకటించిండో యాదికుందా? ఫాదర్స్ డే నాడు.

"మరి నీకు నచ్చిందేంది?" అన్నడు తమ్ముడు. నచ్చింది అనలేను గని, ఇడువలేని సినిమా ఒకటున్నది. అదే 1977ల, మృణాల్ సేన్ అనే బెంగాలీ తెలుగుల తీసిన 'ఒక ఊరి కథ'. ప్రేమ్‌చంద్ 'కఫన్' దానికి మూలం. ఆ కథ మీద మనోళ్లకు కోపమున్నది, నాకూ ఉన్నది. చమార్ తండ్రీకొడుకులను సోమరులు, గుండె లేనోళ్లు అన్నట్టు రాసిండని. కాని సినిమాల వెంకయ్యను చూడండి. ఎంత చేసినా పోయేది దొరింటికే అయినప్పుడు ఎందుకు చెయ్యాలె అంటడు, చెయ్యడు. వానికి కిరీటం లేదు, దాచిపెట్టిన పుట్టుక లేదు, మనల్ని ఏడిపిద్దామన్న ఆశ గూడ లేదు. మన మీద తీసిన సినిమాల్ల ఇట్ల బతిమాలుకోని మనిషిని నేను తక్కువ చూసిన.

మొన్న ఇంట్ల ల్యాప్‌టాప్ మీద నాయనకు, అమ్మకు చూపెట్టిన. కోడలు నీలమ్మ ఇద్దరికీ కష్టం చేసిపెట్టి, కాన్పు కాక చచ్చిపోతది. అయిపోయినంక నాయన, "ఇది గూడ ఆ ఏడాదిదేనా? మా దిక్కు రానేలేదు గదరా" అన్నడు.

అమ్మ వేరే మాట అన్నది. "దొర పని ఎగ్గొట్టిండ్రు, మంచిదే. ఆ పిల్ల పని ఎందుకు పంచుకోలే?"

నాయన మళ్ల మాట్లాడలే. ఈసారి నేను గూడ.

వచ్చే వారం 1938 నాటి 'మాలపిల్ల' గురించి.