పద్యమునకు గొంతు కావలెను

1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు 'జనగణమన'ను అచటి విద్యార్థులకు పాడి వినిపించిరి. దానికి స్వరలిపి కూర్చినది ఐర్లండు దేశస్థురాలు మార్గరెట్ కజిన్స్. వంగకవి పదము, పరదేశి స్వరజ్ఞానము, మన సీమ పిల్లల గొంతు ఒక్కచోట కలిసినవి.

కొన్ని కవితలను వరుసగా స్వరపరచి ఒకే కథవలె పాడుట పాశ్చాత్యుల సంప్రదాయము. 1827లో షూబర్టు 24 గీతములతో కూర్చిన 'వింటర్‌రైజె' అట్టిదే. నేటి స్వరకర్తలు గొంతులకు, గిటారుకు అట్టి గీతమాలికలు కూర్చుచున్నారు.

మనకేమి కొదువ? పుంగనూరు పిల్లవానికి ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. కుప్పము పిల్లవాని చెవిని తమిళ కన్నడములును పడును. అయినను మన ఉత్సవములలో ముషాయిరా ఒకనాడు, కవి సమ్మేళనము మరొకనాడు. ఒకరి సభలో మరొకరు కానరారు. ఇద్దరును కలిసి కూర్చుండునది సినిమా పాటకే!

గిటారు పరాయిదందురా? వయొలిను మాత్రము ఎచటిది? కర్ణాటక సంగీతము దానిని తనదిగా చేసికొనలేదా?

వేమన పద్యములు నాలుగు, నజీర్ అక్బరాబాదీ నజ్ములు నాలుగు తీసికొందము. లోకము అశాశ్వతమని ఇద్దరును చెప్పినవారే. ఉర్దూ విద్యార్థి వేమనను, తెలుగు విద్యార్థి నజీరును పాడవలెను. ఉచ్చారణ తడబడిన తడబడనిండు. పొరుగువాని భాష నోట పలికిననాడే వాని మనసు మనకు తెలియును.