పాత భీమిలిని కాపాడుకుందాం, కదిలి రండి!

భీమిలి ప్రజలారా! అక్కలారా, అన్నలారా, యువతీ యువకులారా!

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట వెలసిన ఊరు మనది. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. 1861లో మునిసిపాలిటీ అయింది. దేశంలో మొదట్లో ఏర్పడిన మునిసిపాలిటీల్లో మనదొకటి. చుట్టుపక్కల పల్లెల రైతులు పండించిన గోగునార ఈ రేవులోనే ఓడలెక్కింది. 'బిమ్లిపటం జూట్' అని మన ఊరి పేరుతోనే విదేశాల్లో అమ్ముడుపోయింది.

తర్వాత రైలు దారి మన ఊరికి దూరంగా పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. మన రేవులో సందడి తగ్గిపోయింది. కానీ ఆ రేవు కట్టిన ఊరు ఇంకా నిలిచే ఉంది. డచ్చి సమాధులు, గంటస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, లైట్‌హౌస్, పాత బంగ్లాలు, వాటి వెనక సందుల్లో మన పెంకుటిళ్లు. అవన్నీ కలిస్తేనే పాత భీమిలి. డబ్బు ఎవరిదైనా, రాయి మోసి గోడ లేపిన చేతులు మనవాళ్లవి. వాటిని దొరల గుర్తులని వదిలేస్తే మన తాతల పనితనాన్నే వదిలేసినట్టు.

ఇప్పుడు ముప్పు ఏమిటి?

విశాఖ నగరం మన గడపదాకా వచ్చింది. స్థలం ధర పెరిగేకొద్దీ పాత గోడకు విలువ తగ్గుతోంది. కూల్చడం ఒక్క ముప్పే కాదు, తెలియక చేసే మరమ్మతు కూడా ముప్పే. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలి పీలుస్తుంది. గోడలోకి వెళ్లిన తేమను మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఈ నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది. బాగుచేశామనుకున్న గోడే ముందు రాలుతుంది.

పాత కట్టడాలకు రక్షణ అడిగితే మన ఇల్లు మనది కాకుండా పోతుందా?

చాలామంది యజమానుల భయం ఇదే. అది న్యాయమైన భయం, అందుకే జవాబు సూటిగా చెబుతున్నాం. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం. మనం అడుగుతున్నది అది కాదు. మనం అడుగుతున్నది వారసత్వ ప్రాంతం. ఇల్లు మీదే, అమ్ముకునే హక్కు మీదే, లోపల సౌకర్యాలు చేసుకునే హక్కూ మీదే. వీధివైపు ముఖం, కప్పు తీరు, ఎత్తు, వీటికి మాత్రం ఒక కట్టుబాటు ఉంటుంది.

ఇది జరగని పని కాదు. తమిళనాడులోని తరంగంబాడి మనలాంటి సముద్రతీరపు చిన్న ఊరే. 1620లో డెన్మార్కువాళ్లు కోట కట్టిన రేవు. 2004 సునామీ దెబ్బ తిన్నాక కూడా అక్కడ కోట ఒక్కదానితో ఆగలేదు. పాత వీధుల్లోని సామాన్యుల ఇళ్లను సైతం బాగుచేశారు. వాళ్లు చేసిన పని మనమెందుకు చేయలేం?

మన కోర్కెలు

1. పాత భీమిలి వీధులన్నీ తిరిగి, ప్రతి పాత కట్టడాన్నీ ఫొటోతో సహా జాబితాకెక్కించాలి. ఆ జాబితాను వార్డు కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి.
2. జాబితాలోని కట్టడాన్ని నిపుణులు చూడకుండా కూల్చడానికి అనుమతి ఇవ్వకూడదు.
3. అంతస్తులు పెంచుకునే అవకాశం వదులుకున్న యజమానికి టీడీఆర్ బాండ్లు (వేరేచోట వాడుకోగల లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రాలు), ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. ఊరి మేలుకోసం ఒక్క కుటుంబమే నష్టపోకూడదు.
4. సున్నం పని తెలిసిన మేస్త్రీలను పిలిపించి మన యువకులకు నేర్పించాలి. పనీ దక్కుతుంది, గోడలూ దక్కుతాయి.
5. డచ్చి సమాధులకు కాపలా, శుభ్రత, తెలుగులో వివరాల బోర్డు ఏర్పాటు చేయాలి.

మనం చేయాల్సింది

రేపే మీ వీధిలోని పాత ఇళ్లను ఫోనులో ఫొటో తీసి పెట్టండి. పెద్దవాళ్లను అడిగి ఆ ఇంటి కథ రాసుకోండి. సమాధుల మీద పేర్లు చెక్కేవాళ్లను ఆపండి. పాత గోడకు సిమెంటు పూసేముందు సున్నం మేస్త్రీని సంప్రదించండి. ఈ ఐదు కోర్కెలతో అర్జీ రాసి, ఇంటికో సంతకం పెట్టి, మహా విశాఖ నగరపాలక సంస్థ జోనల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు మీ కార్పొరేటరుకూ ఎమ్మెల్యేకూ ఇవ్వండి. మన వారసత్వాన్ని కాపాడుకోవడం ప్రతి పౌరుడి బాధ్యతని రాజ్యాంగం 51ఎ అధికరణమే చెబుతోంది.

కూలిన ఇంటి స్థలంలో కొత్త ఇల్లు కట్టొచ్చు, రెండొందల ఏళ్ల ఇల్లు కట్టలేం. ఈ కరపత్రం చదివి పక్కింటికి ఇవ్వండి. అర్జీ మీద మొదటి సంతకం మీదే కావాలి!

పాత భీమిలి మనది! కాపాడే బాధ్యత మనది!

ఇట్లు,
భీమిలి పౌరులు