ముందు కుక్క, తర్వాతే తుపాకి

అమెరికాలో పక్షుల వేటకు దిగే ఆడవాళ్ల మాట వస్తే మన దగ్గర రెండు గొంతులే వినిపిస్తాయి. తుపాకి పట్టింది, ఎంత ధైర్యమో అని ఒకటి. ఆడదై ఉండి పిట్టల ప్రాణం తీయడమేమిటని ఇంకొకటి. ఇద్దరి చూపూ తుపాకి మీదే. పక్కనున్న కుక్కను ఎవరూ పట్టించుకోరు. అసలు సంగతి దాని దగ్గరే ఉందని నా వాదన. ఆడవాళ్లు ఇన్నాళ్లూ వేటకు దూరంగా ఉండిపోయింది ధైర్యం చాలక అనుకుంటాం గానీ, నిజానికి వాళ్లకు లేనిది వెంట తిప్పుకుని నేర్పే మనిషి. ఆ లోటును పూడ్చగలిగింది పాయింటర్ జాతి కుక్క.

వేట పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఏ గట్టు పక్కన పక్షి దాగుతుందో, గాలి ఎటు వీస్తే ఎటు నడవాలో, తుపాకి ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తండ్రి కొడుక్కీ, మామ మేనల్లుడికీ చూపిస్తూ వచ్చినవే. 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ ప్రాంగణంలో క్రిస్టీన్ థామస్ అనే ఆచార్యురాలి చొరవతో జరిగిన సదస్సు, ఆడవాళ్లు వేటకూ చేపలు పట్టడానికీ ఎందుకు రావడం లేదో ఆరా తీసింది. బయటపడ్డ అడ్డంకుల్లో చాలావరకు నేర్చుకునే వీలు లేకపోవడం చుట్టూ తిరిగేవే. మరుసటి ఏడే ఆడవాళ్ల కోసం మొదటి శిక్షణ శిబిరం పెట్టారు. ఆ తర్వాత అది ఇతర రాష్ట్రాలకూ పాకింది. మరి తుపాకి గురికి పేరుపడ్డ ఆనీ ఓక్లీ సంగతేమిటని అడగవచ్చు. 1860లో ఒహాయోలో పుట్టి, తండ్రి పోయాక చిన్న వయసులోనే వేటాడిన మాంసం అమ్మి ఇల్లు నడిపిన మనిషి ఆమె. ఆకలి తరిమితే తనంతట తాను నేర్చుకున్న ఒక్కరిని చూపించి, అందరికీ తలుపు తెరిచే ఉందనడం న్యాయం కాదు. ఫిలిప్పీన్స్‌లోని అగ్తా తెగలో ఆడవాళ్లు కుక్కల్ని వెంటేసుకుని అడవిపందుల్నీ జింకల్నీ వేటాడతారని మానవశాస్త్రజ్ఞులు 1980లలో రాశారు. అక్కడ అది ఆడపిల్లలకు నేర్పకూడని విద్య కాదు. మన విశాఖ మన్యంలో మాత్రం ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు పోతారు, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. తీర్పు చెప్పే హక్కయితే ఉంది, వేటకు వెళ్లే వంతు లేదు.

నేర్పే మనిషి లేని లోటును కుక్క ఎలా పూడుస్తుందో అమెరికాలోని సౌత్ డకోటాలో చూడవచ్చు. అక్కడ అక్టోబరు మూడో శనివారం ఫెజెంట్ల వేట మొదలవుతుంది. (1880లలో షాంఘై నుంచి ఒరెగాన్‌కు తెచ్చి వదిలిన చైనా పక్షే ఇది, ఇప్పుడు సౌత్ డకోటాకు రాష్ట్ర పక్షి కూడా!) నడుమెత్తు గడ్డిలో కుక్క గాలికి ఎదురుగా, అటూ ఇటూ కలియతిరుగుతూ పోతుంది. పరుగు మధ్యలో ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ముక్కు పొద వైపు, ముందరి కాలు ఒకటి గాల్లో, తోక నిటారుగా. దాన్నే పాయింట్ పట్టడం అంటారు. మనిషి పక్క నుంచి నడిచి వెళ్లి పక్షిని లేపాలి. అది రెక్కలు టపటపలాడిస్తూ లేచిన రెండు మూడు క్షణాల్లోనే పుంజో పెట్టో పోల్చుకోవాలి. పెట్టను కొట్టడం అక్కడ నేరం. పుంజులైనా రోజుకు మూడే. పెట్ట అని తేలితే తుపాకి దించి మళ్లీ నడక. కుక్క లేకుండా వెళ్తే పక్షి కాళ్ల దగ్గర నుంచే లేచి గుండె ఝల్లుమనిపిస్తుంది, తేరుకునేలోపు ఎగిరిపోతుంది. కుక్క ఉంటే ఊపిరి పీల్చుకుని సిద్ధపడే వ్యవధి చిక్కుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి అంతకంటే ఏం కావాలి? అది వెటకారం చేయదు, 'నీకిది రాదులే' అనదు. అయితే ఆ గురువుకూ ముందు చదువు చెప్పాలి. 1969లో ఏర్పడ్డ నార్త్ అమెరికన్ వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్ 16 నెలల లోపు కుక్కలకు ఒక పరీక్ష పెడుతుంది. వాసన పట్టడం, వెతకడం, పాయింట్, ఈత, జాడ తీయడం, యజమానితో కలిసి పనిచేయడం చూసి మార్కులేస్తారు. ఒకదాన్ని ఇంకొకదానితో పోటీ పెట్టరు. కుక్కను ఆ పరీక్షకు తయారు చేసేసరికి దాన్ని పెంచే ఆడమనిషికీ సగం వేట వచ్చేస్తుంది. మగవాళ్ల చేతుల పొడవుకు చేసిన తుపాకి మడమ ఆమె భుజానికి కుదరకపోవచ్చు గానీ, కుక్కకు ఆ పట్టింపులేమీ లేవు.

ఆడవాళ్లను వేటకు రప్పించడమంతా తుపాకుల కంపెనీల ఎత్తుగడ అనేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ సర్వేల ప్రకారం 2011లో 1.37 కోట్లున్న వేటగాళ్లు 2016 నాటికి 1.15 కోట్లకు పడిపోయారు. వారిలో ఆడవాళ్లు పదో వంతు. కొత్త గిరాకీ కావాలి కాబట్టి తుపాకులకు గులాబీ రంగు పూసి మరీ అమ్ముతారు. ప్రభుత్వాలకూ వేటాడే ఆడవాళ్లు కావాలి: 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్నును రాష్ట్రాలకు పంచేటప్పుడు లైసెన్సున్న వేటగాళ్ల సంఖ్య కూడా చూస్తారు. కానీ అమ్మేవాడికి లాభముంటే కొనే మనిషికి సొంత ఇష్టం ఉండదనుకోవడం ఆమెను తక్కువ చేయడమే. పదీ పన్నెండేళ్లు తిండి పెట్టి, ఎండా మంచూ చూడకుండా రోజూ తిప్పాల్సిన కుక్క ముందు ప్రకటనల మోజు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రాణం తీయడమన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. కుక్క పక్కన ఉన్నంత మాత్రాన చావు చావు కాకపోదు. గాయపడి గడ్డిలో నక్కిన పక్షిని వెతికి తెస్తుంది, అంతవరకే. శాకాహారులు ఈ ప్రశ్న వేస్తే నా దగ్గర జవాబు లేదు. ఆదివారం కోడికూర తినేవాళ్లు వేస్తే మాత్రం ఉంది. ఇక వేట వల్లే పిట్టలు అంతరిస్తున్నాయన్న మాట నేటి అమెరికాకు అతకదు. 1970 నుంచి ఉత్తర అమెరికా దాదాపు 300 కోట్ల పక్షుల్ని పోగొట్టుకుందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెబుతోంది. సగానికి పైగా తగ్గిపోయిన పచ్చికబయళ్ల పక్షుల్లో చాలా జాతుల్ని ఎవరూ వేటాడరు. గట్లూ పొదలూ మిగల్చని సేద్యం వాటి గూడు చెరిపింది. వేటాడే బాతులు మాత్రం అదే కాలంలో పెరిగాయి. బాతుల వేటగాళ్లు 1934 నుంచి తప్పనిసరిగా కొంటున్న స్టాంపు సొమ్ముతో చిత్తడి నేలల్ని కాపాడుకోవడం అందుకు ఒక కారణం. అలాగని పుణ్యమంతా వేటగాళ్ల ఖాతాలో వేయలేం. 11 శాతం పన్నులో పెద్ద వాటా ఇప్పుడు వేట మొహం చూడనివాళ్ల నుంచే వస్తోంది.

ఇదంతా ఇక్కడికి తెద్దామని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చేలల్లో కౌజునో పూరేడునో పట్టినా నేరమే, అలాగే ఉండాలి కూడా. కానీ వేటగాళ్ల విద్య మనకూ అక్కరకొచ్చిందని మరవకూడదు. అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో కడప లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది ఒక స్థానిక వేటగాడి చేతికే. వేటకుక్క విద్యా అలాంటిదే. న్యూజిలాండ్‌లో 1890లలోనే రిచర్డ్ హెన్రీ అనే సంరక్షకుడు కకాపో పక్షుల్ని కాపాడేందుకు కుక్క సాయంతో వెతికి పట్టాడు. ఈనాటికీ అక్కడ మూతికి చిక్కం కట్టిన కుక్కలు కివీల జాడ తీస్తున్నాయి. నేలమీద గూడు పెట్టే పక్షుల్ని బెదరగొట్టకుండా ఆ పని ఇక్కడ ఎంతవరకు సాధ్యమో మన అటవీ శాఖ చిన్నపాటి ప్రయోగం చేసి చూడవచ్చు. చేస్తే, ఆ కుక్కల్ని పెంచి తిప్పే పనికి మొదట అడవి అంచు పల్లెల ఆడవాళ్లనే తీసుకోవాలి.